మా వదిన చేతి చేప

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మా చర్చి హాల్లో ఊరందరికీ భోజనాలు. ఎవరింట్లో వాళ్ళు చేప వండి, పళ్ళెంలో పెట్టి, పైన గుడ్డ కప్పి తీసుకొస్తారు. ప్రార్థన అయిన కాసేపటికే బల్ల మీద పళ్ళేలన్నీ ఖాళీ అయిపోతాయి. ఒక్కటి మాత్రం తెచ్చింది తెచ్చినట్టే ఉంటుంది. అది నీలం అంచు పళ్ళెం, మా వదిన డ్రూసిల్లాది. పాస్టరుగారు మర్యాద కోసం ఒక ముక్క వేసుకుంటారు. మిగతావాళ్ళ చేతులు ఆ పళ్ళేన్ని దాటుకుని పక్కదాని మీదికి పోతాయి. మా వదిన అన్నీ చూస్తూనే ఉంటుంది, చూడనట్టు అందరికీ టీ పోస్తుంటుంది.

"అది చేపా? ఉతికి ఆరేసిన గుడ్డ," అంది ఈ ఏడు మేబెల్ పార్డీ, నా వెనక నిలబడి, నాకు వినపడాలనే.

నేను మాట దాచుకునే రకం కాదు. ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు, కొందరు అందుకే నా పక్కన కూర్చోరు కూడా. వెనక్కి తిరిగి, "పెళ్ళయిన కొత్తలో నీకు చేప నానెయ్యడం నేర్పిందెవరో గుర్తు చెయ్యమంటావా?" అన్నాను.

"అక్కర్లేదు, ఆవిడే. అందుకే కడుపు మండుతోంది సెలీనా. అంత మంచి చెయ్యి, ఏమైపోయింది?"

నా దగ్గర జవాబు లేక కాదు, హాల్లో చెప్పే జవాబు కాదది. ఇక్కడ చెబుతాను.

ముందు ఒక మాట. మా న్యూఫౌండ్లాండ్ దీవి రేవుల్లో చేప అంటే ఒక్కటే చేప. పుస్తకాల్లో దాన్ని కాడ్ అంటారట, మాకు ఆ పేరుతో పనిలేదు. హెరింగ్ అంటే హెరింగ్, సాల్మన్ అంటే సాల్మన్, వాటినెవరూ చేప అనరు. "పడవలో చేపేమైనా ఉందా?" అని అడిగితే, అడుగున సాల్మన్లు ఎగిరెగిరి పడుతున్నా సరే, "చేపెక్కడిది, ఉత్త సాల్మనే" అంటారు. ఇంకొకటి, మాకు చేపని పట్టడం వేరు, చేపని చెయ్యడం వేరు. పట్టేది మగవాళ్ళు. దాన్ని చీల్చి, వెన్నుముల్లు లాగేసి, ఉప్పు పట్టించి, కొమ్మలు పరిచిన మంచెల మీద ఎండబెట్టి, చేప చేసేది ఆడవాళ్ళు. సముద్రంలోంచి వచ్చింది వచ్చినట్టు వండితే దాన్ని పచ్చి చేప అని విడిగా చెప్పాలి. ఉత్తినే చేప అన్నామంటే ఉప్పు చేపే. ఇవన్నీ మేం ఉగ్గుపాలతో నేర్చిన మాటలు, వీటిలో ప్రమాదం ఉందని ఎవరికి తోస్తుంది. మా వదిన బతుకు దెబ్బతిన్నది మాత్రం ఈ మాట దగ్గరే.

డ్రూసిల్లా ఎదురు దీవి పిల్ల. తల్లి పోతే మేనత్త పెంచింది. చెయ్యి అందిన నాటి నుంచీ మంచెల మీదే పెరిగింది. మబ్బు పడితే బడిలోంచి లేచి పరిగెత్తుకెళ్ళి, ఎండుతున్న చేపల్ని బోర్లించేదట, వాన పడి లోపలి వైపు పాడవకుండా. ఉప్పు తిన్న పుళ్ళ మచ్చలు ఆమె వేళ్ళ సందుల్లో ఇప్పటికీ ఉన్నాయి. అక్షరాలు పెద్దగా అబ్బలేదు గాని ఉప్పు అబ్బింది.

చేప వండడంలో అసలు పని పొయ్యి మీద కాదు, నీళ్ళలో. చెక్కలా బిగుసుకుపోయినదాన్ని ముక్కలు కొట్టి, తోలు పైకి ఉండేలా చన్నీళ్ళలో వెయ్యాలి. రాత్రంతా ఉంచి, నీళ్ళు మార్చి, సరైన వేళకి తియ్యాలి. ఆ సరైన వేళ కనిపెట్టడమే విద్య. తొందరపడితే గొంతు మండుతుంది, ఆలస్యం చేస్తే రుచీ పచీ ఉండదు. మెడ వైపు దళసరి, తోక వైపు పల్చన, రెంటికీ ఒకే లెక్క పనికిరాదు. మా వదిన మెడ దగ్గర చిన్న పొర గిల్లి, పచ్చిదే నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేది. "ఇంకొక్క నీళ్ళు" అనేది, లేకపోతే "చాలు" అనేది. ఆమె చాలు అన్నాక ఇంకెవరూ నోరెత్తేది లేదు. పెళ్ళయినా చావైనా, ఊరి చేప ఆమె నాలిక దాటే పొయ్యెక్కేది.

మా అన్నయ్య ఓబెడ్ ఆమెను మొదట చూసింది ఆ మేనత్త ఇంట్లోనే. గాలివానకి పడవ అక్కడ చిక్కుకుపోతే వాళ్ళు పిలిచి అన్నం పెట్టారు. అన్నమంటే మాకు చేపా, నానబెట్టిన గట్టి రొట్టే, పైన కరకరలాడేలా వేయించిన, ఉప్పులో ఊరిన పంది కొవ్వు ముక్కలూ. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "అదీ చేపంటే" అన్నాడట. పిల్ల నచ్చిందని చెప్పడానికి మా అన్నయ్యకి అంతకంటే మాటలు రాలేదు. పెళ్ళయ్యాక ప్రతి ఆదివారం పొద్దున్నా అదే కంచం, మొదటి ముద్దకి అదే మాట. ఆ మాట చెవిన పడేదాకా వదిన కూర్చునేది కాదు. వాళ్ళకి పిల్లలు లేరు. ఇంట్లో మూడో గొంతు లేకపోవడం వల్లనేమో, ఆ ఒక్క మాటకీ అక్కడ చాలా విలువ.

తర్వాత అన్నయ్యకి గుండె జబ్బు వచ్చింది. వలలు లాగుతూ లాగుతూ పడవలోనే కూలబడిపోయాడు. శీతాకాలం ముదరకముందే ఇద్దరూ బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరు కుర్రవాడు, సముద్రం అవతలి నుంచి కొత్తగా వచ్చినవాడు. మంచివాడే, ఆ మాట కాదనను. ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పాడట.

"ఉప్పులో ఊరేసిన మాంసం ఇంక ముట్టుకోవద్దు. దాని బదులు చేప తినండి. గుండెకి చాలా మంచిది."

"రోజూ పెట్టొచ్చా బాబూ?" అని అడిగింది వదిన.

"రోజూ పెడితే మరీ మంచిది."

వచ్చిన రోజే వదిన గొడ్డు మాంసం పీపా బయటికి దొర్లించి, ఉన్నదంతా ఊళ్ళో పంచేసింది. అన్నయ్య సంబరం చూడాలి. "గుండె జబ్బులో ఇంత సుఖం ఉందని తెలిస్తే, ఎప్పుడో తెచ్చుకునేవాణ్ణి కదే పిల్లా," అన్నాడు. డెబ్బై దగ్గరపడినా ఆమె అతనికి పిల్లే. మా ఊరి ముందు సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన బే అంతా గడ్డకట్టి ఉంది. మంచు కరిగేదాకా పచ్చి చేప మొహం చూసేవాళ్ళెవరూ లేరు. అటక మీద మాత్రం అన్నయ్య పట్టినవీ, వదిన చేసినవీ, మంచి దళసరి చేపలు దొంతరలుగా ఉన్నాయి. రోజూ ఒకటి దిగింది. రోజూ "అదీ చేపంటే" అని ఆ ఇంట్లో వినబడింది. ఇదేమిటని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. డాక్టరు చేప అన్నాడు, ఆమె చేప పెట్టింది.

అన్నయ్య కాళ్ళు వాచాయి. బూట్లు పట్టడం మానేశాయి. పడుకుంటే ఊపిరాడక, వంటింట్లో పొయ్యి పక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చునేవాడు. వాపు పెరిగేకొద్దీ వదినకి భయం పెరిగింది, భయం పెరిగేకొద్దీ కంచంలో చేప పెరిగింది. "తిను, డాక్టరు మంచిదన్నాడు," అని బతిమాలి పెట్టేది.

ఫిబ్రవరిలో నర్సు ఆలివ్ మంచుబండి మీద వచ్చింది. బే అవతలి గట్టున పుట్టిన పిల్ల, మా మాటలు తెలిసినది, చదువుకుని ఆసుపత్రి మాటలు కూడా తెలిసినది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. చేతి తొడుగులు తీస్తూ పొయ్యి పక్కనున్న గిన్నె వైపు చూసింది. అందులో చేప నానుతోంది.

"ఇదెవరికి పిన్నీ?"

"ఎవరికేమిటే, మీ బాబాయికే. డాక్టరు రోజూ పెట్టమన్నాడుగా."

ఆలివ్ కట్టెల పెట్టె మీద కూలబడింది. "ఆయన చెప్పింది ఇది కాదు పిన్నీ. పచ్చిది."

"చలికాలంలో పచ్చి చేప ఎక్కణ్ణించి తెస్తామే? నీకు తెలీదా?"

"నాకు తెలుసు. ఆయనకి తెలీదు. ఆయన అన్నది ఏ చేపైనా అని."

"ఏ చేపైనా అంటే?" అంది వదిన. నిజంగానే అర్థం కాక అడిగింది. "చేప ఒకటేగా."

ఆలివ్ మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. మాంసం మాన్పించింది మాంసమని కాదు, ఉప్పని. ఈ వాపంతా ఉప్పు పట్టి ఉంచిన నీరేనని. వదిన నిలబడే విన్నది. గిన్నె ఎత్తుకుని తలుపు తీసి, చేపా నీళ్ళూ కలిపి మంచులో గుమ్మరించి వచ్చింది. మంచం మీంచి అన్నయ్య, "అయితే నేను తిన్నదంతా తప్పు తిండా? ఎంత బాగుందో," అన్నాడు నవ్వుతూ. ఎవరం నవ్వలేదు.

ఆ రోజు నుంచి వదిన చేపని మూడేసి రోజులు నానబెట్టింది. పొద్దునా సాయంత్రమూ నీళ్ళు మార్చి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడికించేది. కొవ్వు ముక్కలు ఆపేసింది. అన్నయ్య రెండు ముక్కలు కతికి పక్కకి తోసేసేవాడు.

"ఇదేమిటే పిల్లా, నా పాత దుప్పటి ఉడకేశావా?"

"తిను. అంతకంటే ఏం పెట్టను."

"పెట్టకపోయినా పరవాలేదు గాని, దుప్పటి మాత్రం దాచు. చలిగా ఉంది."

మాత్రలు వాడినా వాపు పూర్తిగా తియ్యలేదు. మనిషి పైన చిక్కిపోయి, కింద ఉబ్బి, చూడటానికి ఇద్దరు మనుషుల్ని కలిపి కుట్టినట్టు అయ్యాడు. మార్చిలో ఒకరోజు వదినని దగ్గరికి పిలిచి అడిగాడు.

"ఒక్క ఆదివారం. మామూలుగా చెయ్యి. మన చేప."

"నా చేతులతో నిన్ను చంపమంటావా? చేసింది చాల్లేదా?"

"నువ్వేం చేశావే? అడిగేదొక్కటే. ఇంకేం అడగను."

వదిన ఆలివ్‌ని వాకిట్లో ఆపి అడిగింది. ఆలివ్ ఆమె చెయ్యి పట్టుకుని, "పిన్నీ, ఇంక పెట్టినా పెట్టకపోయినా ఒకటే. గుండె అయిపోయింది. అడిగింది పెట్టు, తృప్తిగా తింటాడు," అంది. ఆ మాట నేనూ విన్నాను. అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. వదిన లోపలికి వచ్చి, "ఆదివారం చేస్తాను, శనివారం నీళ్ళలో వేస్తాను," అని అన్నయ్యతో అంది. పండక్కి కొత్త బట్టలు కుట్టిస్తామన్న పిల్లాడిలా అతను రోజులు లెక్కపెట్టుకున్నాడు.

ఆ ఆదివారం నన్నూ రమ్మంది. వెళ్ళేసరికి అన్నయ్య గడ్డం గీయించుకుని కూర్చున్నాడు. పొయ్యి మీద కొవ్వు ముక్కలు చిటపటమంటున్నాయి. వదిన ఇద్దరికీ వడ్డించింది. తెల్లగా పొరలు పొరలుగా విడిపోతున్న చేప, పక్కన మెత్తగా నానిన రొట్టె, పైన ఎర్రగా వేగిన ముక్కలు. కంటికి ఏ లోటూ లేదు. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు పలుకు లేదు. కొవ్వు ముక్కల్లో కూడా లేదు, వాటినీ ముందు ఉడకబెట్టి ఉప్పు లాగేసి అప్పుడు వేయించింది. తల ఎత్తి అన్నయ్యని చూశాను.

అతను నెమ్మదిగా నములుతున్నాడు. చాలాసేపు నమిలాడు. వదిన మా వైపు వీపు పెట్టి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా గరిట పట్టుకుని నిలబడి ఉంది. భుజాలు బిగుసుకుపోయి ఉన్నాయి. అన్నయ్య ఆ వీపుని చూశాడు. మింగాడు.

"అదీ చేపంటే," అన్నాడు.

వదిన భుజాలు దిగాయి. అప్పుడు వచ్చి కూర్చుంది. అన్నయ్య కంచం ఊడ్చి, రొట్టెముక్కతో తుడుచుకుని మరీ తిన్నాడు. నేనూ తిన్నాను, తల ఎత్తకుండా.

మర్నాడు వదిన కట్టెలకి వెళ్ళినప్పుడు నేను అతని పక్కన కూర్చున్నాను. "సెలీనా, ఒక్క ఉప్పు పలుకు లేదు," అన్నాడు.

"తెలుసు. మరి అట్లా అన్నావెందుకు?"

"ఇంకేమనాలే? దాని వీపు చూడలేదా నువ్వు? చేప పెట్టి పెట్టి నన్ను చంపాననుకుంటోంది. ఈ ఒక్క కంచమైనా దాని మీద పడకుండా పోనీ." కాసేపు ఊపిరి తీసుకుని, "దాంతో అనకు సుమా," అన్నాడు. ఆ తర్వాత కిటికీలోంచి చూస్తూ, చిన్నపిల్లాడిలా, "కానీ ఒక్క ముక్క తినాలనుంది చెల్లీ, నిజం చేప," అన్నాడు.

నేను తిన్నగా ఇంటికెళ్ళి మా అటక మీంచి మంచి చేప దించి నీళ్ళలో వేశాను. తెల్లారి నాలిక మీద వేసుకు చూసి, సరిపోయిందని తీసి ఉడికించి, మూతపెట్టి పట్టుకెళ్ళాను. వాళ్ళ గుమ్మం దగ్గర ఆలివ్ ఎదురొచ్చింది. ఆమె మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. గిన్నె అలాగే వెనక్కి తెచ్చేశాను. ఆ చేప ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. సాయంత్రం మా ఆయన దాన్ని చూసి, తనకోసమే చేశాననుకుని తినేశాడు. బాగుందన్నాడు. ఆయన్ని కొట్టాలనిపించింది.

అప్పటి నుంచీ వదిన చేప ఇలాగే ఉంటుంది. నానేస్తుంది, పొర గిల్లి నాలిక మీద పెట్టుకుంటుంది, కళ్ళు మూసుకుంటుంది. "చాలు" అన్న మాట మాత్రం నోట రాదు. ఒకసారి నేనే దగ్గరుండి, "సరిపోయింది వదినా, తీసెయ్," అని గిన్నెలో చెయ్యి పెట్టబోతే, నా మణికట్టు పట్టుకుని ఆపేసింది. "ఇంకొక్క నీళ్ళు మారుద్దాం," అంది. నాలిక చెడిపోలేదు ఆమెకి. చాలా బాగా పనిచేస్తోంది, ఉప్పు తగలగానే భయపడుతోంది.

ఈ గుడ్ ఫ్రైడేకి, మేబెల్ ఆ మాట అని వెళ్ళిపోయాక, నేను నీలం అంచు పళ్ళెం ముందు కూర్చుని కంచం నిండా వేసుకున్నాను. కాసేపటికి వదిన టీ కెటిల్ పక్కన పెట్టి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చాలాసేపు బల్ల మీది గుడ్డ మడతలు సరిచేసింది.

"సెలీనా, ఒకటడుగుతాను. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. ఆ ఆదివారం చేప, శనివారం వేస్తానని మీ అన్నయ్యతో చెప్పాను. గురువారమే వేశాను."

నేను తింటూనే ఉన్నాను.

"ఆలివ్ పెట్టమంది, ఆయన అడిగాడు. నాకు చేతకాలేదు. ఒక్కటే అడిగాడు మనిషి, అది కూడా దొంగది పెట్టాను. ఆయనకి తెలిసిందంటావా? తెలిసే అన్నాడంటావా ఆ మాట?" ఆమె గొంతు బాగా కిందికి దిగింది. "అప్పటికి నాలిక పోయుంటుంది ఆయనకి. కదూ? జబ్బు ముదిరితే పోతుందంటారు. పోయిందనే నేను అనుకుంటున్నాను."

హాల్లో పిల్లలు కుర్చీలు ఈడుస్తున్నారు. అన్నయ్య కిటికీలోంచి చూస్తూ అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తొచ్చింది. వంద మందిలోనైనా ఉన్నది ఉన్నట్టు మొహాన అనేసే నోరు ఇది. ముద్ద మింగి, మా వదిన కళ్ళలోకి చూశాను.

"నాలికా? అన్నయ్యకి అప్పటికి చేపకీ చెక్కకీ తేడా తెలీదు వదినా. నేను పక్కనే ఉన్నాగా. నువ్వు ఏం పెట్టినా అదే మాట అనేవాడు."

వదిన నా మొహం వంక అలాగే చూసింది. తర్వాత మెల్లగా తల ఆడించింది.

"నువ్వు చెప్పావంటే నిజమే అయ్యుంటుంది. ఎవరి మొహమాటానికీ అబద్ధం ఆడవు నువ్వు," అంది. కళ్ళు తుడుచుకుని, పళ్ళెం మీద చెంచా తీసుకుంది. "ఇంకో ముక్క వెయ్యనా?"

వెయ్యమని కంచం జరిపాను.